ఊరు ఇటు, స్టేషన్ అటు

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. సరిహద్దు ఊళ్ళ గురించి మాట్లాడమన్నారు, నేను ఒక్క ఊరే పట్టుకుంటా. ఓల్జా అని చిన్న నది, ఇటు ఒడ్డున పోలండ్ వాళ్ళ చెషిన్, అటు ఒడ్డున చెక్ వాళ్ళ చెస్కీ త్యెషీన్, జర్మన్లు టెషెన్ అనేవాళ్ళు, పేర్లు మూడు గానీ ఒకప్పుడు ఊరు ఒకటే. 810లో ముగ్గురు అన్నదమ్ములు ఒక బావి దగ్గర కలుసుకుని ఆ సంతోషంలో ఊరు కట్టారని చెప్తారు, కథే లెండి, బావి మాత్రం చూపిస్తారు.

ఆస్ట్రియా-హంగరీ కూలిపోయాక ఊరు మాదంటే మాదని పోలండ్, చెకొస్లొవేకియా కొట్టుకున్నాయి, 1919 జనవరిలో వారం రోజులు యుద్ధం కూడా చేశారు. చివరికి 1920 జులై 28న పెద్ద దేశాల రాయబారులు కూర్చుని నదినే సరిహద్దు చేసేశారు. కోట, మార్కెట్, పాత ఊరంతా పోలండ్‌కి, రైల్వే స్టేషన్ చెక్ వాళ్ళకి. స్లొవేకియా వెళ్ళే రైలు లైన్ అటునుంచే పోతుంది మరి, వాళ్ళకి కావాల్సింది ఊరు కన్నా ఆ పట్టాలు. 1911 నుంచి ఒక ట్రామ్ ఉండేది, స్టేషన్‌లో ఎక్కితే వంతెన దాటి పాత ఊళ్ళో దిగేవాళ్ళు, వంతెన మీదకి సరిహద్దు వచ్చిపడేసరికి 1921లో ఆపేశారు, పట్టుమని పదేళ్ళు తిరిగింది.

అటు ఒడ్డున 1910లో పుట్టిన మామ్మగారు ఒకరున్నారనుకోండి. ఆస్ట్రియాలో పుట్టి, చెకొస్లొవేకియాలో పెరిగి, 1938 అక్టోబర్‌లో పోలండ్‌కి, మరుసటి ఏడు జర్మనీకి, 1945లో మళ్ళీ చెకొస్లొవేకియాకి, ఇదంతా ఇంటి గడప దాటకుండానే.

రకరకాల జనం కలిసుండే ఊరు అని మనం ముచ్చటగా అనేస్తాం గానీ, నాజీలు వచ్చాక యూదులు ఇక మిగల్లేదు, యుద్ధం అయ్యాక జర్మన్లలో చాలామందిని వెళ్ళగొట్టారు. మిగిలింది పోలిష్, చెక్ వాళ్ళే, అందులోనూ ఎవరెవరో విడదీయడం కష్టం. వాళ్ళ మాట పోలిష్‌లా ఉంటుంది, మధ్యలో చెక్, జర్మన్ పదాలు దొర్లుతుంటాయి, ఏ భాష అని అడిగితే 'పో నషిము' అంటారు, అంటే మా మాట, మేం మాట్లాడుకునేది అని. దేశం పేరు లేదు చూశారా అందులో? చెక్ వైపు రోడ్ల మీద బోర్డులు రెండు భాషల్లో ఉంటాయి, అక్కడి థియేటర్లో పోలిష్ నాటకాల బృందం 1951 నుంచీ ఉంది.

2007 డిసెంబర్ 21న రెండు దేశాలూ షెంగెన్‌లో, అంటే సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాల గుంపులో, చేరాక వంతెన మీద పాస్‌పోర్ట్ అడిగేవాళ్ళు లేరు, ఇటు ఇల్లు అటు ఉద్యోగం మామూలైపోయింది. 2020 మార్చిలో కరోనా అని వంతెన మూసేశారు. జనం రెండు ఒడ్డుల మీదా నిలబడి నది మీదుగా కేకలేసుకుని మాట్లాడుకున్నారు, పోలండ్ వైపు ఎవరో పెద్ద బ్యానర్ కట్టారు, 'నిన్ను చూడాలనుంది చెకోడా' అని. కొద్దిరోజుల్లోనే అటు ఒడ్డున ఇంకో బ్యానర్ వేలాడింది, 'నాకూ అంతేరా పోలోడా' అని.