ఎద్దుకి పళ్ళు, మనిషికి కాయితం

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ సర్పంచి గారు చదివేశారు, నేను మళ్ళీ చదవను. యువజన దినోత్సవానికి పశువైద్య శాఖలో రిటైరైనవాణ్ణి ఎందుకు పిలిచారో మన గ్రంథాలయం కుర్రాళ్ళనే అడగాలి.

యువకుడంటే ఎవరో చెప్పమన్నారు. ఐక్యరాజ్య సమితి లెక్కలో 15 నుంచి 24 ఏళ్ళవాళ్ళు. మన కేంద్ర ప్రభుత్వం 2003లో 13 నుంచి 35 అంది, 2014లో 15 నుంచి 29 అంది. భూగర్భ శాస్త్రం వాళ్ళయితే సుమారు 5 కోట్ల ఏళ్ళ హిమాలయాల్ని పడుచు కొండలంటారు. మన వెలిగొండల రాయి వంద కోట్ల ఏళ్ళు పైబడింది మరి! ఇక టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు 81.

నాకు తెలిసింది ఎడ్ల సంగతి. సంక్రాంతి బండలాగుడు పందేల్లో గిత్త పుట్టిన తేదీ ఎవరూ అడగరు. మూతి పట్టుకుని కింది పెదవి దించి చూస్తారు. పైదవడకి ముందు పళ్ళు ఎలాగూ ఉండవు. ఇంకా పాలపళ్ళేనా, అవి ఊడి శాశ్వత పళ్ళు రెండొచ్చాయా, నాలుగా, ఆరా? దాన్నిబట్టే వయసు, విభాగం. గొడవలు ఉంటాయి, కాదనను. కానీ చూసేది పదిమంది ముందు.

మా అన్నకి ఆ భాగ్యమూ లేదు. పంతులుగారు ముఖ్యమంత్రి అయిన ఏడాదే వాడు పుట్టాడని అమ్మ చెప్పేది. బళ్ళో వేసినరోజు అయ్యవారు వాడి పొడుగు చూసి 1951, జులై 1 అని రాసేశాడు. నాన్న వేలిముద్ర వేశాడు. మీలో జులై 1న పుట్టినవాళ్ళు చేతులెత్తండి... చూశారా! ముందు వరసంతా ఒక్కరోజే పుట్టింది!

నవ్వకండి. డిగ్రీ చదివి ఉద్యోగానికి పోతే వయసు దాటిందన్నారు. 81 ఏళ్ళకి రాష్ట్రాన్ని ఏలనిచ్చిన దేశంలో మా అన్న గుమాస్తాగిరీకి ముసలాడయ్యాడు. అమ్మ మాట సాక్ష్యానికి పనికిరాదన్నారు. చివరిదాకా పొగాకు ఆరబెట్టే కొట్లు, అదే బ్యారన్ల దగ్గరే బతికాడు.

ఇంకా చెప్పాల్సింది చాలా రాసుకొచ్చాను, వదిలేస్తున్నా. పసిబిడ్డలున్న తల్లులు వినండి. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయిస్తే రుసుం లేదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా, ఓటుకైనా, సర్కారు ఉద్యోగానికైనా జనన ధ్రువపత్రమే ఆధారం. బిడ్డ పేరు ఎక్కించకుండా వదిలేస్తే ఏడాదిలోపు ఉచితంగా చేర్చుకోవచ్చు. సచివాలయం అమ్మాయి అదుగో, కిటికీ దగ్గర కూర్చుంది. భోజనాలకు లేచేముందు ఆవిడ దగ్గరకెళ్ళి తేదీ సరిగ్గా ఉందో లేదో చూపించుకోండి.