బందెలదొడ్డి నుంచి భోగిమంట దాకా

అందరికీ నమస్కారం. కార్తీక వనభోజనాలకు వచ్చిన పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్ళకు, ముఖ్యంగా పిల్లల దగ్గర నాలుగు నెలలు ఉందామని ఇండియా నుంచి వచ్చిన అమ్మలకు, నాన్నలకు నమస్కారం. ఇక్కడ ఉసిరి చెట్టు లేదు, ఈ పేపర్‌బార్క్ చెట్టు నీడే మనకు ఉసిరి నీడ. భోజనాలకు ముందు ఒక పావుగంట నా ఉద్యోగం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు.

నేను పెర్త్ దక్షిణం వైపు ఒక కౌన్సిల్‌లో, అంటే మన మునిసిపాలిటీ లాంటి దాంట్లో, రేంజర్‌ని. తొమ్మిదేళ్ళయింది. ఉద్యోగం వచ్చిన రోజు ఫోన్ చేసి చెబితే, మా అమ్మ చుట్టుపక్కల వాళ్ళందరికీ "మా వాడు ఫారెస్టు డిపార్ట్‌మెంట్‌లో చేరాడు" అని చెప్పింది. ఆమె తప్పేం లేదు. రేంజర్ అంటే మనకు తెలిసింది అడవి, ఎర్రచందనం, జీపు. ఇక్కడ చేరి మూడు నెలలయ్యాక నా పనేమిటో ఆమెకు అర్థమయ్యేలా చెప్పగలిగాను. "అమ్మా, మన ఊళ్ళో బందెలదొడ్డి ఉండేది కదా, దాన్ని చూసుకునేవాడి పని" అన్నాను. వెంటనే అర్థమైపోయింది.

చిన్నవాళ్ళకు ఆ మాట తెలియకపోవచ్చు. ఎవరి గేదె అయినా పక్కవాళ్ళ చేలో పడి మేస్తే, దాన్ని తోలుకొచ్చి ఊరి దొడ్డిలో కట్టేసేవాళ్ళు. యజమాని వచ్చి బందె కట్టి విడిపించుకుపోవాలి. గేదెను కొట్టకూడదు, యజమానితో తన్నులాట పెట్టుకోకూడదు. పంట పోయినవాడికి న్యాయం జరగాలి, రేపు ఇద్దరూ అదే ఊళ్ళో మొహామొహాలు చూసుకోవాలి కూడా. బందెలదొడ్డి ఉన్నది అందుకే. విశేషం ఏమిటంటే, వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఇప్పటికీ అమల్లో ఉన్న 1960 నాటి స్థానిక ప్రభుత్వ చట్టంలో ఒక భాగం పేరే పశువులు, పౌండ్లు, పౌండ్ కీపర్లు, రేంజర్ల గురించి. పౌండ్ అంటే బందెలదొడ్డే. నా ఉద్యోగం పేరు అక్కడి నుంచే వస్తోంది. ఇప్పుడు నా యూట్ (చిన్న ట్రక్కు లాంటి బండి) వెనక ఉన్న బోనులోకి గేదెలకు బదులు తప్పిపోయిన లాబ్రడార్లు ఎక్కుతున్నాయి.

మరి నేను అమలు చేసేది ఏ చట్టాలు? 1976 కుక్కల చట్టం, 2011 పిల్లుల చట్టం, 1979 చెత్త చట్టం, 1954 బుష్ ఫైర్ చట్టం, వాటికి తోడు కౌన్సిల్ సొంతంగా చేసుకున్న పార్కింగ్ లాంటి స్థానిక నిబంధనలు. వదిలేసిన కార్లు, బడి దగ్గర అడ్డంగా పెట్టిన కార్లు, వికలాంగుల బేలో, అంటే వాళ్ళకు కేటాయించిన పార్కింగ్ చోట్లో, "రెండే నిమిషాలు" అని పెట్టిన కార్లు కూడా నా పనే. పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం మనుషులు. నేను మీరు ఇంటి పన్నుగా కట్టే రేట్స్‌తో జీతం తీసుకునే కౌన్సిల్ మనిషిని. నా దగ్గర తుపాకీ లేదు, సంకెళ్ళు లేవు. నా చేతిలో ఉన్నవి ఒక నోట్‌బుక్, ఒక కెమెరా, కుక్క మెడలో వేసే తాడు, కుక్క చర్మం కింద ఉండే మైక్రోచిప్ చదివే స్కానర్, రెండు నీళ్ళ సీసాలు.

అసలు మీకు చెప్పాలని వచ్చిన సంగతి వేరు. అది గత భోగి నాడు జరిగింది.

ఉదయం ఐదున్నర. డ్యూటీలో ఉన్నాను. ఫలానా వీధిలో పెరట్లోంచి పొగ వస్తోందని పక్కింటావిడ ఫోన్ చేసిందని కాల్ వచ్చింది. వెళ్ళి తలుపు కొట్టాను. తలుపు తీసింది పట్టులంగా కట్టుకున్న ఏడెనిమిదేళ్ళ పాప, తలకు నూనె పెట్టి ఉంది. ఆ పాపను చూడగానే విషయం అర్థమైపోయింది. వెనక పెరట్లో విరిగిన కుర్చీ కాళ్ళు, రెండు ప్యాలెట్ చెక్కలు, మధ్యలో మంట. చుట్టూ మనవాళ్ళే, రెండు కుటుంబాలు. కంచెకు అవతల కాలవ గట్టు, దాని మీద మోకాలెత్తు ఎండుగడ్డి. డిసెంబర్ నుంచి చుక్క వాన లేదు.

నేను ఇంగ్లీషులో మొదలుపెట్టబోయి తెలుగులోకి వచ్చేశాను. "బాబాయిగారూ, దీన్ని ఇప్పుడే ఆర్పేయాలండీ" అన్నాను. అక్కడున్న పెద్దాయన నా యూనిఫామ్ వంక, నా మొహం వంక మార్చి మార్చి చూశారు. "నువ్వు తెలుగువాడివేనా? భోగి నాడు మంట ఆర్పమంటావా నాయనా?" అన్నారు. కోపం కాదు. ఆ గొంతులో ఉన్నది బాధ. నేనే గార్డెన్ హోస్ పట్టుకుని ఆర్పాను. బొగ్గులు చల్లారేదాకా కర్రతో కదుపుతూ పావుగంట నిలబడ్డాను. ఆ పాప ఏడ్చింది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. మన భోగి చలికాలంలో పుట్టిన పండగ. ఇక్కడ అదే తేదీ నడి వేసవిలో పడుతుంది. పెర్త్ చుట్టుపక్కల చాలా కౌన్సిళ్ళలో జనవరి నెల మొత్తం ఆరుబయట చెత్తా చెదారం తగలబెట్టడం పూర్తిగా నిషిద్ధం. పైగా టోటల్ ఫైర్ బ్యాన్, అంటే ఆరుబయట మంట గానీ నిప్పు పుట్టించే పని గానీ కూడదని, ప్రకటించిన రోజైతే 25,000 డాలర్ల దాకా జరిమానా, లేదా ఏడాది జైలు, లేదా రెండూ పడవచ్చు.

అంత కఠినం ఎందుకు? మనలో చాలామంది హారిస్‌డేల్‌లో, పియారా వాటర్స్‌లో ఇళ్ళు కట్టుకున్నారు. అది ఆర్మడేల్ సిటీ. అదే సిటీలో కొండవైపు రోలీస్టోన్, కెల్మ్‌స్కాట్ ఉన్నాయి. 2011 ఫిబ్రవరి 6, ఆదివారం. టోటల్ ఫైర్ బ్యాన్ ఉన్న రోజు. రోలీస్టోన్‌లో ఒకాయన తన ఇంటి దగ్గర యాంగిల్ గ్రైండర్‌తో పని చేసుకుంటున్నాడు. నిప్పురవ్వలు గడ్డి మీద పడ్డాయి. ఈదురుగాలి. సాయంత్రానికి 70కి పైగా ఇళ్ళు బూడిదయ్యాయి, బ్రూక్టన్ హైవే మీది వంతెన కూడా కాలిపోయింది. ప్రాణాలు పోలేదు, అదొక్కటే ఊరట. ఆయన దొంగ కాదు, ద్రోహి కాదు. ఇంటి పని చేసుకుంటున్న మామూలు మనిషి. భోగి నాడు ఆ పెరట్లో మంట వేసింది కూడా పిల్లలకు పండగ చూపిద్దామనుకున్న మంచి మనుషులే. నిప్పురవ్వకు మంచివాడెవరో తెలియదు కదా.

ఆ కుటుంబానికి నేను జరిమానా వేయలేదు. రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చాను. మనవాళ్ళని వదిలేశానా? ఈ ప్రశ్న నన్ను నేనే చాలాసార్లు వేసుకున్నాను. ఆ రోజు ఫైర్ బ్యాన్ లేదు, గాలి లేదు, మంట చిన్నది, చెప్పగానే ఆర్పనిచ్చారు, నిబంధన నిజంగా తెలియదు. ఇవే పరిస్థితుల్లో జాన్ అనే ఆయన పెరట్లో అయినా నేను చేసేది అదే. కానీ ఈ సంవత్సరం, ఇవాళ నా మాట విన్నాక, మీలో ఎవరి పెరట్లోనైనా మంట కనిపిస్తే హెచ్చరికతో సరిపెట్టను. ముందే చెబుతున్నాను.

రేంజర్ పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది. మాటతో సరిపోతుందా, హెచ్చరిక ఇవ్వాలా, ఇన్‌ఫ్రింజ్‌మెంట్ నోటీసు, అంటే జరిమానా కాగితం, ఇవ్వాలా, కోర్టు దాకా తీసుకెళ్ళాలా అని గడప దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో తేల్చుకోవాలి. కౌన్సిల్ ఖజానా నింపడానికే మేం తిరుగుతున్నామని చాలామంది అంటారు. నా మటుకు నేను, నోటీసు రాసిన ప్రతిసారీ అంతకుముందు ఒక మాటతో ఆపగలిగేవాడినా అని ఆలోచిస్తాను. వికలాంగుల బే విషయంలో మాత్రం ఆలోచించను. అది 500 డాలర్ల నోటీసు. ఆ ఖాళీ కోసం వీల్‌చెయిర్‌తో మూడు రౌండ్లు కొట్టి ఇంటికి వెనక్కి వెళ్ళిపోయిన తల్లిని చూశాక నాకిక సందేహం లేదు.

కుక్కల సంగతి చెప్పకపోతే నా పని సగం చెప్పినట్టే. ఒక వీధిలో పక్కపక్క ఇళ్ళు. ఒకరు మనవాళ్ళు, ఇంకొకరు ఇక్కడే పుట్టి పెరిగిన పెద్దావిడ, ఒంటరిగా ఉంటారు. ఆవిడ కుక్క పగలంతా మొరుగుతోందని మనవాళ్ళు ఫిర్యాదు చేశారు. భార్యాభర్తలిద్దరూ ఏజ్డ్ కేర్‌లో (వృద్ధులను చూసుకునే చోట) నైట్ షిఫ్టులు, పగలే నిద్ర. కుక్క ఎప్పుడు మొరిగిందో, ఎంతసేపు మొరిగిందో రాసిపెట్టమన్నాను. శ్రద్ధగా రాశారు. ఆ కాగితం చూస్తే మొరుగుడు అంతా పదింటి నుంచి రెండింటి మధ్యే. ఆవిడను అడిగితే, ఆ టైమ్‌లో వారానికి నాలుగు రోజులు డయాలసిస్‌కి వెళుతున్నారు. ఆరేళ్ళుగా పక్కపక్కనే ఉంటున్నారు, వీళ్ళకు ఆ సంగతి తెలియదు. వాళ్ళ షిఫ్టుల గురించి ఆవిడకు తెలియదు. న్యూసెన్స్ కింద చర్య తీసుకోవడానికి చట్టంలో వీలుంది. నేను చేసింది ఇద్దరినీ కంచె దగ్గరికి పిలవడం. ఇప్పుడు ఆ నాలుగు రోజులూ కుక్క వీళ్ళ వరండాలో పడుకుంటోంది. వీళ్ళూ నిద్రపోతున్నారు. ఆ ఫైల్ మీద "పరిష్కారమైంది" అని రాసిన రోజు నాకు బాగా గుర్తు.

ఇక మనవాళ్ళలో నేను చూసే భయం గురించి. యూనిఫామ్ కనిపించగానే చాలామందికి టెన్షన్. "వీసా మీద ఎఫెక్ట్ పడుతుందా అన్నా?" అనేది నేను ఎక్కువగా వినే ప్రశ్న. పార్కింగ్ నోటీసో, కుక్క రిజిస్ట్రేషన్ నోటీసో వస్తే, గడువులో కట్టేస్తే అది కోర్టు వేసిన శిక్ష కాదు. మామూలుగా 28 రోజుల గడువు ఉంటుంది. తప్పు మీది కాదనిపిస్తే కట్టకండి, కౌన్సిల్‌కు రాయండి. ఫోటోలు జత చేయండి. అప్పటికీ ఒప్పుకోకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్ళే హక్కు మీకుంది. ఆ కవరును ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోవడం మాత్రం వద్దు. అది కట్టని జరిమానాలు వసూలు చేసే ఫైన్స్ ఎన్‌ఫోర్స్‌మెంట్ రిజిస్ట్రీకి వెళితే ఖర్చులు పెరుగుతాయి, డ్రైవింగ్ లైసెన్స్ సస్పెండ్ అయ్యే దాకా పోవచ్చు. ఊబర్ నడిపే తమ్ముళ్ళు ఈ మాట గట్టిగా పట్టించుకోవాలి.

నా హద్దులు కూడా మీకు తెలియాలి. నిబంధన మీరారని అనుమానం ఉంటే పేరు, చిరునామా, పుట్టినతేదీ అడిగే అధికారం నాకుంది. చెప్పకపోవడం తప్పవుతుంది. కానీ మామూలుగా మీ అనుమతో, వారెంటో లేకుండా మీ ఇంట్లోకి జొరబడే అధికారం లేదు. నా ఐడీ కార్డు చూపించమని అడగండి. నేను నొచ్చుకోను. రేంజర్‌నని చెప్పి ఎవరైనా గుమ్మం ముందే డబ్బు అడిగితే ఒక్క డాలర్ కూడా ఇవ్వకండి. మేం చేతికి డబ్బు తీసుకోం.

భయం వల్ల ఇంకో నష్టం ఉంది. అవసరమైనప్పుడు మనవాళ్ళు మాకు ఫోన్ చేయరు. ఉదయం వాకింగ్‌కి వెళ్ళిన ఒక నాన్నగారి మీదికి గొలుసు లేని కుక్క ఉరికింది, ఆయన పడి మోచేయి చీరుకుపోయింది. ఆ ఇంటివాళ్ళు ఎవరికీ చెప్పలేదు. "మనకెందుకు గొడవ" అనుకున్నారు. నాకు తెలిసింది మూడు వారాల తర్వాత, గుడిలో. అప్పటికి అదే కుక్క ఇంకో పిల్లవాడిని కరిచింది. ప్రాణం మీదికి వస్తే 000. దొంగతనం లాంటివాటికి పోలీసులు, అత్యవసరం కాకపోతే 131 444. కుక్క, పొగ లేని ఎండుగడ్డి, అడ్డంగా పెట్టిన కారు, పార్కులో పోసిన చెత్త అయితే మీ కౌన్సిల్ రేంజర్. పొగ గానీ మంట గానీ కనిపిస్తే ముందు 000, తర్వాతే మేము. ఇంగ్లీషు రాని అమ్మానాన్నల ఫోన్‌లో ఈ నంబర్లు ఇవాళే సేవ్ చేసి పెట్టండి.

ఖాళీ స్థలాలు కొన్నవాళ్ళకు ఒక మాట. ఇల్లు తర్వాత కడదామని బ్లాక్ కొని, మీరు మెల్‌బోర్న్‌లో ఉంటున్నా, ఆ గడ్డి మీ బాధ్యతే. రేట్స్ బిల్లుతో పాటు, మంట పాకకుండా గడ్డి తీసేయమంటూ వచ్చే ఫైర్‌బ్రేక్ నోటీసు ప్రకటన కాగితం కాదు, పారేయకండి. గడ్డి ఎంత ఎత్తుకు కోయాలి, ఏ తేదీలోగా కోయాలి అనేది కౌన్సిల్‌ను బట్టి మారుతుంది. చేయకపోతే మేమే కాంట్రాక్టర్‌ను పంపించి కోయిస్తాం, ఆ ఖర్చూ మీదే, జరిమానా కూడా మీదే.

భోగిమంట దగ్గరి ఆ పెద్దాయన సంగతి మిగిలింది. ఊరికి వెళ్ళేముందు ఆయన నాకు ఫోన్ చేశారు. "నాయనా, నా చిన్నప్పుడు మా ఊళ్ళో తాటాకిళ్ళు తగలబడ్డాయి. వరసగా పదకొండు. ఆ రోజు నీలాంటివాడు వచ్చి నిలబడితే బాగుండేది" అన్నారు. మనవరాలికి ఈసారి పెరట్లో గాజు చిమ్నీ దీపం పెట్టి, దాని చుట్టూ కూర్చోబెట్టి భోగిపళ్ళు పోస్తామని చెప్పారు. రేగుపళ్ళు దొరక్కపోతే చెర్రీలు, చేమంతి రెక్కలు. జనవరిలో ఇక్కడ చెర్రీలు దొరుకుతాయి.

ఇంకొక్కటి. సాయంత్రం చెరువులో దీపాలు వదిలేవాళ్ళు అరటిదొప్పలు తిరిగి తీసుకొచ్చేలా దారం కట్టి వదలండి. భోజనాలయ్యాక నేను ఆ టేబుల్ దగ్గర ఉంటాను. స్కానర్ తెచ్చాను. కుక్కలతో వచ్చినవాళ్ళు ఒకసారి చూపించుకోండి, చిప్ నంబర్ చదివి చెబుతాను, దాని మీద మీ పాత ఫోన్ నంబరే ఉందేమో ఇంటికెళ్ళి సరిచూసుకోండి. చాలామంది ఇల్లు మారినప్పుడు చిప్ వివరాలు మార్చరు. కుక్కల రిజిస్ట్రేషన్ గడువు అక్టోబర్ 31తో అయిపోయింది, రెన్యూ చేయనివాళ్ళు కూడా అక్కడికే రండి, ఫారం ఎలా నింపాలో కూర్చుని చూద్దాం.