ఆ కాగితం ఎవరు రాయాలి?

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి వచ్చిన సారుకి, ఒకప్పుడు నాతోపాటు యూనిఫాం వేసి ఇప్పుడు పంచెలు కట్టుకుని ముందు వరసలో కూర్చున్న మా మాజీ సైనికులకి, ఎన్‌సీసీ పిల్లలకి, వాళ్ళని ఎండలో నిలబెట్టకుండా లోపల కూర్చోబెట్టిన మాస్టార్లకి, అందరికీ నమస్కారం. మా సుబేదార్ సాబ్‌లు ఇద్దరు వచ్చారు. వాళ్ళకి వేరుగా జైహింద్.

నన్ను పిలిచింది పతాక దినోత్సవం గురించి చెప్పమని. 1949 నుంచి ఏటా డిసెంబర్ 7న జరుపుకుంటున్నాం. మీ చొక్కాకి పెట్టుకున్న ఆ చిన్న జెండాకి ఇచ్చిన డబ్బు, యుద్ధంలో పోయినవాళ్ళ భార్యాబిడ్డలకీ, కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళకీ అక్కరకొస్తుంది. పది రూపాయలైనా డబ్బాలో వేయండి. ఆ విషయం అంతే. ఇంకో మాట ఉంది. అది చెప్పకుండా నేను ఇంటికి వెళ్ళలేను.

నేను సైన్యంలో ఇరవై రెండేళ్ళు చేశాను. ట్రైనింగులో తుపాకీ పట్టాను, డ్యూటీలు చేశాను, కానీ నా అసలు పని క్లర్కు పని. సెలవు కాగితాలు, జీతం కాగితాలు, జవాన్ల వివరాల్లో మార్పులు ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్లు. అందుకే మీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి నాకు తెలుసు. గుండెల మీద మెరిసే ప్రతి పతకం ముందు ఒక కాగితంగా పుడుతుంది. దాన్ని సైటేషన్ అంటాం. ఫలానా రోజు, ఫలానా చోట, ఫలానా జవాను ఈ పని చేశాడని పైఅధికారి రాయాలి. కళ్ళారా చూసినవాళ్ళు వాంగ్మూలం ఇవ్వాలి. అది ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఢిల్లీ చేరాలి. మధ్యలో ఎక్కడ ఆగినా అక్కడితో సరి. జవాను చేసిన పని చేసినట్టే ఉంటుంది, లోకానికి మాత్రం తెలియదు.

మూడేళ్ళ కింద మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాను. ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గర ఉంటారు. ఓ రోజు అల్లుడు ఏదో పార్సిల్ వేయాలంటే తోడు వెళ్ళాను. ఓవియెడో అనే చిన్న ఊరు. ఆ ఊరి పోస్టాఫీసుకి ఒక సైనికుడి పేరు ఉంది. సార్జెంట్ ఫస్ట్ క్లాస్ ఆల్విన్ కాష్. పోస్టాఫీసుకి సైనికుడి పేరేమిటని అడిగాను. అల్లుడికి తెలియదు. ఇంటికొచ్చాక ఇద్దరం కూర్చుని చదివాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఊళ్ళోనే పెరిగిన నల్లజాతి బిడ్డ ఆయన. 1989లో సైన్యంలో చేరాడు. 2005 అక్టోబర్ 17న ఇరాక్‌లో, సమర్రా దగ్గర, ఆయన వెళ్తున్న బ్రాడ్లీ బండి కింద మందుపాతర పేలింది. బ్రాడ్లీ అంటే ఉక్కు తొడుగు ఉన్న యుద్ధవాహనం, వెనక అరలో సైనికులు కూర్చుంటారు. ఇంధనం ట్యాంకు పగిలింది, బండి అంటుకుంది. కాష్ పైన గన్నర్ స్థానంలో ఉన్నాడు, పెద్ద దెబ్బలు లేకుండా బయటపడ్డాడు. కానీ ఒంటి మీద బట్టలు ఇంధనంతో తడిసిపోయాయి. ముందు డ్రైవర్ని లాగి ఒంటి మీద మంటలు ఆర్పాడు. తర్వాత వెనక్కి వెళ్ళాడు. లోపల ఆరుగురు సైనికులు.

పిల్లలూ, ఒక్క క్షణం ఆలోచించండి. వంటింట్లో చీర కొంగుకి నిప్పంటుకుంటేనే ఎంత గగ్గోలు పెడతాం! ఈయన బట్టలు తడిసింది నీళ్ళతో కాదు. మంట దగ్గరికి పోతే ఏమవుతుందో ఆయనకి తెలుసు. తెలిసే పోయాడు. తలుపు తెరిచి లాగాడు, మళ్ళీ పోయాడు, మళ్ళీ లాగాడు. ఆయనకే అంటుకుంది. ఒళ్ళు 72 శాతం దాకా కాలింది. అప్పుడు కూడా నన్ను కాదు, ముందు వాళ్ళని ఎక్కించండి అన్నాడు. ఆస్పత్రిలో తెలివొచ్చాక మొదట అడిగింది నా పిల్లలెలా ఉన్నారని. పిల్లలంటే తన కింది జవాన్లు. ఈ మాట ఆయన అక్క చెప్పింది. నవంబర్ 8న టెక్సాస్‌లోని సైనిక ఆస్పత్రిలో పోయాడు. ముప్పై అయిదేళ్ళు.

ఇక నా క్లర్కు బుద్ధి మేలుకుంది. మరి ఏ పతకం ఇచ్చారు? సిల్వర్ స్టార్. అది వాళ్ళ వరసలో మూడోది. ఎందుకంటే సిఫారసు రాసిననాటికి జరిగిందంతా పై అధికారికి పూర్తిగా తెలియదు. చూసినవాళ్ళు కూడా కాలిన ఒళ్ళతో ఆస్పత్రిలో ఉన్నారు. వివరాలు తెలిశాక ఆ సిఫారసు రాసిన అధికారే, గ్యారీ బ్రిటో, ఇది చాలదు, పెద్దది ఇవ్వాలని మళ్ళీ పోరాడాడు. తాను రాసింది తక్కువైందని ఒప్పుకుని మళ్ళీ కలం పట్టిన అధికారి! ఆయనకి ఇక్కడినుంచే సెల్యూట్ చేస్తున్నాను.

కానీ అక్కడ ఒక గడువుంది. వాళ్ళ అన్నిటికన్నా పెద్ద పతకం మెడల్ ఆఫ్ ఆనర్. అది ఇవ్వాలంటే పని జరిగిన అయిదేళ్ళలోపు ఇవ్వాలి. గడువు దాటిపోయింది. ఆ గడువు పెట్టింది చట్టం, కాబట్టి తీయాల్సింది కూడా చట్టమే. అక్క ఏళ్ళ తరబడి తిరిగింది. చివరికి వాళ్ళ పార్లమెంటులో, కాంగ్రెస్ అంటారు, ఒక డెమొక్రాట్ సభ్యురాలు స్టెఫనీ మర్ఫీ, ఇద్దరు రిపబ్లికన్లు మైఖేల్ వాల్ట్జ్, డాన్ క్రెన్‌షా కలిసి బిల్లు పెట్టారు. పొద్దున్న లేస్తే కొట్టుకునే రెండు పార్టీలవాళ్ళు! 2020 సెప్టెంబర్‌లో దిగువ సభ, నవంబర్‌లో సెనేట్ ఒప్పుకున్నాయి. డిసెంబర్ 4న సంతకం పడింది. 2021 డిసెంబర్ 16న వైట్‌హౌస్‌లో ఆయన భార్య చేతికి ఆ పతకం అందింది. పదహారేళ్ళు.

ఇక్కడ ఒకటి జాగ్రత్తగా వినండి. ఆ చట్టం పతకం ఇవ్వలేదు. పతకం ఇవ్వడానికి అడ్డొచ్చిన గడువుని ఆ ఒక్క మనిషి విషయంలో తీసేసింది, అంతే. ఇవ్వడమా మానడమా అన్నది అధ్యక్షుడి చేతిలోనే ఉంచింది. పాత కథలకి రంగులు పూసి పతకాలు అడుగుతారని కొందరి భయం. న్యాయమైన భయమే. గడువు తియ్యండి, సాక్ష్యం మాత్రం అంతే గట్టిగా అడగండి. తలుపు తాళం తీసినంత మాత్రాన దారినపోయేవాళ్ళంతా ఇంట్లోకి వచ్చేయరు కదా.

అయినా వాళ్ళ దగ్గర అంతా బాగుందని నేను అనను. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఏడుగురు నల్లజాతి సైనికులకి ఇదే మెడల్ ఆఫ్ ఆనర్ 1997 జనవరిలో ఇచ్చారు. దానికీ చట్టమే కావలసి వచ్చింది. ఆ రోజుకి బతికున్నది ఒక్కరే, వెర్నాన్ బేకర్. మొదటి ప్రపంచ యుద్ధంలో హెన్రీ జాన్సన్ 1918లో ఒక రాత్రి తోటివాణ్ణి శత్రువులు ఈడ్చుకుపోతుంటే కత్తి పట్టి అడ్డంపడ్డాడు. ఫ్రాన్స్ వాళ్ళు అప్పుడే పతకం ఇచ్చారు. సొంత దేశం 2015లో ఇచ్చింది. ఆయన 1929లోనే పోయాడు. అందుకోవడానికి రక్తసంబంధీకులు కూడా లేకపోతే న్యూయార్క్ నేషనల్ గార్డ్ సార్జెంట్ మేజర్ అందుకున్నాడు.

మన దగ్గర ఇవి రాష్ట్రపతి పేరున వచ్చే ఉత్తర్వులతో నడుస్తాయి. బిరుదులు వద్దన్న రాజ్యాంగం 18వ అధికరణం కూడా సైనిక గౌరవాల్ని మినహాయించింది. అంత విలువ ఇచ్చారు పెద్దలు. చైనాతో యుద్ధంలో, లడఖ్ కొండల్లోని రెజాంగ్ లా కనుమ తలుచుకోండి. 1962 నవంబర్ 18. మేజర్ షైతాన్ సింగ్, ఆయన కింద కుమావ్ రెజిమెంటు కంపెనీ. బతికొచ్చిన కొద్దిమంది చెబితే అంతలా పోరాడారంటే మొదట నమ్మనివాళ్ళున్నారు. చలికాలం గడిచాక ఒక గొర్రెల కాపరి చూశాడు, ఆ మంచులో తుపాకులు పట్టుకునే బిగుసుకుపోయిన మన జవాన్లని. శవాలు లేచి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది!

ఇప్పుడు నా సంగతి. క్షమించండి, ప్రిన్సిపాల్ గారు, ఇంకో అయిదు నిమిషాలు.

మా యూనిట్ సరిహద్దు మీద ఉన్నప్పుడు ఒక పోస్టు మీద గుండ్లు పడి బంకరు అంటుకుంది. పక్కనే మందుగుండు పెట్టెలు. మన జిల్లా కుర్రాడే, పేరు చెప్పను, వాళ్ళమ్మ వద్దంది, ఇద్దర్ని బయటికి లాగాడు. మూడోవాడి కోసం వెళ్ళి రాలేదు. సైటేషన్ టైపు చేసింది నేనే. చూసిన ఇద్దరూ గాయాలతో రెండు వేరు వేరు ఆస్పత్రుల్లో ఉన్నారు. వాంగ్మూలాలు వచ్చేసరికి యూనిట్ అక్కణ్ణుంచి కదిలిపోయింది, అధికారులు మారారు. మేం పంపిన ఫైలు కొన్ని నెలలకి తిరిగొచ్చింది. కాలాతీతం అని ఒక్క ముక్క. దాని కింద సంతకం.

రిటైరయ్యాక ఆ ఇంటికి వెళ్ళాను. ఆమె మంచం కింద నుంచి ఇనప పెట్టె లాగింది. నల్ల పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో వాడి నంబరు, పేరు. చివరి అక్షరాల దగ్గర పెయింటు తేలిపోయింది, రోజూ చెయ్యి తగిలి. లోపల స్వెట్టర్, షూ పాలిష్ డబ్బా, తల్లికి రాసి పోస్టు చేయని ఇన్‌లాండ్ లెటర్. ఆమె నన్ను ఒకటే అడిగింది. "పతకం లేకపోతే పోనీలే నాయనా. నా కొడుకు ఏం చేసి చచ్చిపోయాడో ఎక్కడైనా రాసుందా? ఆ కాగితం ఎవరు రాయాలి?"

నేనే రాశానమ్మా అని చెప్పలేకపోయాను. రాసినా చేరలేదని చెప్పాలంటే నోరు రాలేదు.

అందుకే అడుగుతున్నాను. మన ఎంపీలు పార్లమెంటులో ఒక మాట ఎత్తండి. ఆలస్యమైన కేసుల్ని గడువు పేరుతో కాకుండా సాక్ష్యం చూసి తేల్చే పద్ధతి ఒకటి చట్టంగా కావాలి. అమెరికాలో ఎంపీ లాంటి సభ్యుడు ఉత్తరం రాస్తే సైన్యం పాత కేసుని పరిశీలించి జవాబు చెప్పి తీరాలి, దానికి 1996 నుంచి చట్టమే ఉంది. మనకెందుకు ఉండకూడదు? నేను పార్టీలవాణ్ణి కాను. ఏ పార్టీ ఎంపీ అయినా సరే, కాగితాలు నేను మోసుకొస్తాను.

ఆ కుర్రాడు బయటికి లాగిన ఇద్దరిలో ఒకాయన బొబ్బిలి దగ్గర ఉన్నాడు. డెబ్బై దాటాయి, మాట కొంచెం తడబడుతోంది, కానీ ఆ రోజు మాత్రం పూసగుచ్చినట్టు చెబుతాడు. వచ్చే ఆదివారం వెళ్తున్నాను. ఆయన మాటని ఫోన్లో రికార్డు చేసి, తెలుగులో రాసి, ఇంగ్లీషులో టైపు చేసి, సంతకం పెట్టించుకోవాలి. టైపు నేను చేస్తాను. ఫోను పట్టుకునే పిల్లలు ఇద్దరు కావాలి. సభ అయ్యాక నా దగ్గరికి వచ్చి పేరు ఇవ్వండి. బస్సు పొద్దున్న ఆరున్నరకి, కాంప్లెక్సు దగ్గర.