జిమ్ మాటకు ఎందుకా స్పెల్లింగ్?

నమస్కారం. ఈ రోజు ఒక చిన్న స్పెల్లింగ్ దగ్గర మొదలుపెడదాం. ఇంగ్లిష్‌లో ‘వజ్’ ఉంది కదా, డబ్ల్యూ-ఏ-ఎస్. దాన్నే డబ్ల్యూ-యూ-జెడ్ అని రాశారనుకోండి. పలకడంలో ఏం మారింది? ఏమీ లేదు. అమెరికాలో ప్రొఫెసరు పలికినా, పొలంలో కూలీ పలికినా దాదాపు అదే శబ్దం. కానీ కాగితం మీద ఆ మూడక్షరాలు చూడగానే, మాట్లాడేవాడికి చదువు రాదని మనం తేల్చేసుకుంటాం. చెవికి వినపడని తేడా కంటికి కనపడిపోయింది!

అమెరికన్ రచయిత మార్క్ ట్వెయిన్ నవల ‘హకల్‌బెరీ ఫిన్’ తీసి చూడండి. మనలో చాలామంది చిన్నప్పుడు నండూరి రామమోహనరావు గారి తెలుగులో చదివినవాళ్లమే. ఇంట్లోంచి పారిపోయిన తెల్లపిల్లాడు హక్, బానిసత్వం నుంచి పారిపోయిన నల్లమనిషి జిమ్, ఇద్దరూ తెప్ప మీద మిసిసిపీ నదిలో పోతుంటారు. కథ చెప్పేది హక్. వాడికి వ్యాకరణం గట్రా పట్టదు, ఒక ‘కాదు’ చాలే చోట రెండు వాడేస్తాడు. అయినా వాడి స్పెల్లింగులు చాలావరకు మామూలువే. జిమ్ నోరు తెరిస్తే మాత్రం పేజీ రూపమే మారిపోతుంది. మాటల చివర్లు ఎగిరిపోతాయి, మధ్యలో అక్షరాలు మాయమవుతాయి. ఇందాకటి డబ్ల్యూ-యూ-జెడ్ జిమ్ మాటల్లోదే.

ఇదంతా ట్వెయిన్‌ని తిట్టడానికి చెప్పడం లేదు. ఆయనంత శ్రద్ధగా విన్న రచయితలు ఆ రోజుల్లో తక్కువ. నవల మొదట్లోనే ఒక గమనిక పెట్టాడు: ఇందులో మిస్సోరీ నల్లవాళ్ల మాట, మారుమూల పల్లెల మాట, పైక్ కౌంటీ అనే ప్రాంతపు మాట, దాంట్లోనే మళ్లీ నాలుగు రకాలు ఉన్నాయి, ఏదీ తోచినట్టు రాసింది కాదు అని. ఈ సంగతి ముందే చెప్పకపోతే, పాత్రలన్నీ ఒకేలా మాట్లాడాలని చూసి కుదరక తంటాలు పడుతున్నాయని పాఠకులు అనుకుంటారట. అదీ ఆయన చమత్కారం.

ఆయన ఎలా వినేవాడో చెప్పడానికి ఒక ఉదాహరణ. న్యూయార్క్ రాష్ట్రంలో ఎల్మైరా అనే ఊరి పక్కన, బంధువుల వ్యవసాయ క్షేత్రంలో వంట చేసే మేరీ యాన్ కార్డ్ అనే ఆవిడ, ఒకప్పుడు బానిస. పిల్లల్ని తన దగ్గర్నుంచి లాక్కుని ఎలా అమ్మేశారో, అందులో ఒక్క కొడుకు ఏళ్ల తర్వాత ఎలా కనిపించాడో ఆవిడ చెబితే, ట్వెయిన్ దాన్ని ఆవిడ మాటల్లోనే రాసి 1874లో అచ్చేయించాడు. రాసిన మాట సరిగ్గా వినపడేదాకా పైకి అనుకుంటూనే ఉంటానని స్నేహితుడికి ఉత్తరం కూడా రాశాడు.

ఇంత చేస్తే 1885లో కాంకర్డ్ ఊరి లైబ్రరీ వాళ్లు ‘ఇది మోటు పుస్తకం’ అని బయటపెట్టేశారు. పోనీలే, ఇంకో 25,000 కాపీలు అమ్ముడుపోతాయి అన్నాడు ట్వెయిన్.

నాకు ఇంతకంటే బాధ కలిగించేది నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ విషయం. ఫ్లోరిడాలో నల్లవాళ్లే పాలించుకునే ఈటన్‌విల్ అనే ఊళ్లో పెరిగింది, తర్వాత మానవశాస్త్రం చదివింది. 1927లో అలబామాలో కొసోలా అనే ముసలాయన్ని కలిసింది. 1860లో క్లోటిల్డా అనే ఓడలో ఆఫ్రికా నుంచి దొంగచాటుగా తెచ్చి బానిసగా మార్చినవాళ్లలో ఆయనొకడు. పళ్లు పట్టుకెళ్లి, అరుగు మీద కూర్చుని, ఆయన ఎలా పలికితే అలా రాసుకుంది. 1931లో పుస్తకం సిద్ధం. ప్రచురణకర్తలు ఏమన్నారంటే, యాస తీసేసి ‘భాష’లో రాసివ్వు అన్నారు. చూశారా, ఆయన మాట్లాడింది వాళ్ల లెక్కలో భాషే కాదు. హర్‌స్టన్ మార్చనంది. ఆ పుస్తకం 2018లో గానీ రాలేదు. 87 ఏళ్లు! అప్పటికి ఇద్దరూ లేరు.

సినిమాకొస్తే స్పెల్లింగ్ గొడవ లేదు, గొంతే వినిపిస్తుంది. కానీ అక్కడ ఇంకో తమాషా. జార్జియాలో జరిగే కథ ‘గాన్ విత్ ద విండ్’లో మామీ అనే బానిస ఆయాగా వేసి 1940లో ఆస్కార్ అందుకున్న నల్లజాతి నటి హ్యాటీ మెక్‌డానియెల్ పుట్టింది కాన్సాస్‌లో, పెరిగింది కొలరాడోలో. జార్జియా ఎక్కడ, కొలరాడో ఎక్కడ! దక్షిణాది మాటతీరు చూసుకోవడానికి సుజన్ మైరిక్ అనే జార్జియా జర్నలిస్టును పెట్టారు. ప్రేక్షకుల్లో చాలామంది మాత్రం ఆ మాట మెక్‌డానియెల్ సొంత మాటే అనుకుని ఉంటారు. అవార్డు రాత్రి ఆవిడను గోడవారగా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

జూలీ డ్యాష్ 1991లో తీసిన ‘డాటర్స్ ఆఫ్ ద డస్ట్’లో సౌత్ కరోలైనా దీవుల్లోని నల్లవాళ్లు మాట్లాడే గల్లా భాష వినిపిస్తుంది. మొదటిసారి చూస్తే సగం అర్థం కాదు, నాకూ కాలేదు. వెనక్కి తిప్పి మళ్లీ వినాల్సిందే. ఇది వంకర ఇంగ్లిషేలే అని పండితులు కొట్టిపారేసిన భాష. లొరెంజో డౌ టర్నర్ అనే భాషాశాస్త్రవేత్త 1949లో అందులోని ఆఫ్రికా మాటల్ని వేల సంఖ్యలో పట్టి చూపించాడు.

ఇప్పుడు మళ్లీ జిమ్ దగ్గరికి. 2024లో పర్సివల్ ఎవరెట్ ‘జేమ్స్’ అనే నవల రాశాడు. అదే కథ, ఈసారి చెప్పేది జిమ్. ఇంట్లో శుభ్రమైన ఇంగ్లిష్ మాట్లాడతాడు, పుస్తకాలు చదువుతాడు. రాత్రిపూట పిల్లల్ని కూర్చోబెట్టి ఒక పాఠం చెబుతాడు: తెల్లవాళ్ల ముందు ఎలా తప్పుగా మాట్లాడాలి. దొరసాని వంటిల్లు అంటుకుంది, ఆవిడ ఇంటికి వీపు పెట్టి బయట నిలబడి ఉంది, చూసుకోలేదు, ఏమంటారు? ‘మంట, మంట’ అంటాడో పిల్లాడు. కాదట. ‘అయ్యో అమ్మగారూ, అటు చూడండి’ అనాలట. అది మంట అని పేరు పెట్టే అవకాశం దొరసానికే ఇవ్వాలి.

ఈ పేజీ చదివాక నేను ట్వెయిన్ నవల మళ్లీ తెరిచాను. ఆ డబ్ల్యూ-యూ-జెడ్ వచ్చిన చోట ఆగి చూశాను. కథ చెప్పేది హక్ కదా, జిమ్ మాట్లాడిన ప్రతిసారీ ఎదురుగా వాడు వింటూనే ఉన్నాడు.