మా అన్నయ్య నాకు చెప్పని మాట

అందరికీ నమస్కారం. నన్ను పిలిచి, ఇంత ఆదరంగా కూర్చోబెట్టిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. పరిచయంలో నా గురించి చెప్పినవి కొంచెం ఎక్కువే అయినా, ముప్పై ఏడేళ్లు యూరాలజిస్టుగా, అంటే మూత్ర సంబంధ జబ్బుల డాక్టరుగా, పనిచేశానన్నది మాత్రం నిజం. నాకిచ్చిన అంశం, పెద్ద వయసులో పెరిగిన ప్రొస్టేట్‌కు పెద్ద ఆపరేషన్ లేకుండా చేసే చికిత్సలు. వాటి బొమ్మలు కూడా తెచ్చాను.

అయితే నేను హాల్లోకి రాగానే ఒకటి గమనించాను. మధ్య కుర్చీలు చాలా ఖాళీగా ఉన్నాయి. నడవా పక్కవీ, తలుపు దగ్గరవీ నిండిపోయాయి. అక్కడ కూర్చున్న పెద్దలు ఎందుకు కూర్చున్నారో నాకు తెలుసు. మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తే నిస్సంకోచంగా వెళ్లి రండి. నేను ఆగుతాను.

ప్రొస్టేట్ అంటే మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంగరంలా ఉండే గ్రంథి. వయసులో ఉన్నప్పుడు సుమారు 20 గ్రాములు, అక్రోటు కాయంత ఉంటుంది. నలభై దాటాక మెల్లగా పెరుగుతుంది. ఎనభైల్లోకి వచ్చేసరికి పదిమందిలో ఎనిమిది మందికైనా ఎంతో కొంత పెరిగే ఉంటుంది. ఇది క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారదు కూడా. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు కాబట్టి పరీక్షలు చేస్తాం, అంతే. ఆ భయంతోనే ఏళ్ల తరబడి డాక్టరు దగ్గరికి రానివాళ్లను ఎంతోమందిని చూశాను.

గ్రంథి లోపలికి పెరిగి దారిని నొక్కుతుంది. ధార సన్నబడుతుంది. మొదలవడానికే టైమ్ పడుతుంది. మధ్యలో ఆగి ఆగి వస్తుంది. వెళ్లొచ్చిన పావుగంటకే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. రాత్రి మూడు నాలుగు సార్లు లేవాలి. అయితే అసలు దెబ్బ తినేది మూత్రాశయం. దారి ఇరుకైనకొద్దీ అది గట్టిగా తోస్తుంది, దాని కండరం మందమవుతుంది. అలా తోసి తోసి ఒకనాటికి అలిసిపోతుంది. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు బొమ్మలు చూపించాలి. కానీ ముందు మా అన్నయ్య సంగతి చెబుతాను. చెప్పకుండా ఈ అంశం మీద మాట్లాడటం నాకు చేతకాదు.

మా అన్నయ్య నాకంటే ఆరేళ్లు పెద్ద. డెబ్బై దాటాక ఆయన ప్రయాణాలు మానేశాడు. బస్సు పడట్లేదన్నాడు. సాయంత్రం ఆరు తర్వాత మంచినీళ్లు తాగేవాడు కాదు. ముదురు రంగు ప్యాంట్లే వేసుకునేవాడు. ముందు గదిలో ఒక్కడే పడుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఫోన్లో వదిన ఎంతో ముచ్చటగా, "మీ అన్నయ్యలో మార్పు వచ్చిందయ్యా, తెల్లవారేసరికే తన దుప్పటి తనే ఉతికి ఆరేస్తున్నారు" అంది. నేను కూడా సంతోషించాను. నవ్వాను కూడా.

అమ్మా, అయ్యా, నేను యూరాలజిస్టుని. పెద్ద వయసు మగవాడు రాత్రి తెలియకుండా పక్క తడుపుతున్నాడంటే మూత్రాశయం నిండి పొర్లుతోందేమో అనుమానించాలని విద్యార్థులకు పాఠం చెప్పినవాణ్ణి. నొప్పి ఉండదు. నొప్పి లేకుండానే వెనక్కి ఒత్తిడి పెరిగి కిడ్నీలు పాడవుతాయి. వేరే ఎవరైనా నా గదిలో కూర్చుని ఆ మాట అని ఉంటే వెంటనే స్కానింగ్‌కి పంపేవాణ్ణి. మా వదిన నోట వినేసరికి అది నాకు ఇంటి కబురులా వినిపించింది.

నాలుగు నెలలకు జలుబు చేసి ఏదో బిళ్ల వేసుకున్నాడు. జలుబు బిళ్లల్లో ముక్కు దిబ్బడ తగ్గించే మందులు కొన్ని ప్రొస్టేట్ దగ్గర దారిని ఇంకా బిగిస్తాయి. నిద్ర వచ్చేలా చేసేవి కొన్ని మూత్రాశయం బలాన్ని తగ్గిస్తాయి. ఆ రాత్రి ఒక్క చుక్క రాలేదు. ఆస్పత్రిలో క్యాథెటర్, అంటే మూత్రం తీసే గొట్టం, వేస్తే 1,400 మిల్లీలీటర్లు వచ్చింది. మామూలుగా మనిషికి 400, 500 నిండితేనే ఆగలేడు. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఐదు దాటింది. నేను వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నీకు చెప్పాలనే అనుకున్నానురా, నువ్వు తమ్ముడివి కదా, ఎలా చెప్పను" అన్నాడు.

ఇక బొమ్మల దగ్గరికి వస్తాను.

మొదటి మెట్టు మందులు. టామ్సులోసిన్ లాంటివి దారిని వదులు చేస్తాయి, కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. ఫినాస్టెరైడ్ లాంటివి గ్రంథిని కుదిస్తాయి, ఆరు నెలలు ఓపిక పట్టాలి. సందర్భం కాకపోయినా ఒక మాట: టామ్సులోసిన్ వాడుతున్నవాళ్లు శుక్లాల ఆపరేషన్‌కి వెళితే కంటి డాక్టరుకు ముందే చెప్పండి. ఆపరేషన్లో కంటిపాప సరిగా విచ్చుకోదు. మానేశాం కదా అని దాచకండి, మానేసినా ప్రభావం ఉంటుంది.

మందులు చాలనప్పుడు ఎన్నో దశాబ్దాలుగా ఉన్నది టర్ప్. మూత్రనాళం గుండానే పరికరం పంపి అడ్డుగా ఉన్న కండను చెక్కి తీస్తాం. ఇప్పటికీ గట్టి ఆపరేషన్. కానీ ఆ తర్వాత మూడింట రెండు వంతుల మందికి వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. ప్రాణానికి ప్రమాదం లేదు. అయినా ముందుగా చెప్పకపోవడం తప్పు. "ఈ వయసులో మీకెందుకండీ" అనే డాక్టర్ల మాట నాకు బాధగా ఉంటుంది. కావాలో వద్దో ఆ మనిషి చెప్పాలి, మనం కాదు.

ఇక చిన్న పద్ధతులు. యూరోలిఫ్ట్‌కు అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. ఇందులో ఏమీ కోయరు. ఇరుకు బాటలోకి వంగిన కొమ్మలను రెండు పక్కలకూ లాగి కట్టినట్టు, గ్రంథిని చిన్న చిన్న బిగింపులతో పక్కకు లాగి ఉంచుతారు. 2015లో అనుమతి వచ్చిన రెజూమ్‌లో నీటి ఆవిరి వాడతారు. సూదితో పొడిచిన ప్రతిచోటా తొమ్మిది సెకన్లు ఆవిరి వదులుతారు. ఆ కండ చచ్చి, కొన్ని వారాల్లో శరీరమే దాన్ని పీల్చేసుకుంటుంది. కొద్ది రోజులు క్యాథెటర్ ఉంటుంది, మొదట్లో మంట ఉంటుంది. వారంలో తగ్గలేదని కంగారుపడకూడదు. పూర్తి ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. మూడోది, మణికట్టు దగ్గరో గజ్జల దగ్గరో రక్తనాళం లోంచి సన్నటి గొట్టం పంపి, ప్రొస్టేట్‌కు రక్తం తెచ్చే నాళాలను నలుసుల్లాంటి పూసలతో మూసేయడం. దీన్ని ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు, అంటే స్కానింగ్ బొమ్మల్లో చూస్తూ చికిత్స చేసే డాక్టర్లు, చేస్తారు. గ్రంథి బాగా పెద్దదైనవాళ్లకూ పనికొస్తుంది.

మొదటి రెండూ చాలామందికి పూర్తి మత్తు లేకుండానే అవుతాయి. అదేరోజు ఇంటికి పోవచ్చు. వీర్యం సంగతిలో ఇబ్బంది చాలా తక్కువ. అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ధార టర్ప్ తర్వాత వచ్చినంత బలంగా రాదు. ఐదేళ్ల అధ్యయనంలో యూరోలిఫ్ట్ చేసినవాళ్లలో వందకు 13, 14 మందికి మళ్లీ ఏదో ఒక ప్రొసీజర్ కావలసి వచ్చింది. రెజూమ్ తర్వాత అలా కావలసి వచ్చింది నలుగురైదుగురికి. గ్రంథి ఎంత పెద్దది, ఎటు పెరిగింది, మీకు ఏది ముఖ్యం, ఇవన్నీ చూసి తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు మూత్రాశయంలో తోసే బలం మిగిలి ఉందా అన్నది చూడాలి.

కిడ్నీలు కొంత కుదుటపడ్డాక అన్నయ్య ఏదో పేపర్లో చదివి నన్ను అడిగాడు. "ఆవిరి పెట్టి చేస్తారటగా, ఒక్కరోజులో ఇంటికి పంపుతారట. అది చేయించరా" అన్నాడు. రెండేళ్ల ముందు అడిగి ఉంటే చక్కగా సరిపోయేది. ఆయన గ్రంథి నలభై గ్రాములే. అంత చిన్న గ్రంథి అంత పని చేసింది. పరీక్ష చేస్తే మూత్రాశయం సాగిపోయిన సంచిలా ఉంది. నా మిత్రుడు పెద్ద ఆపరేషనే చేశాడు, అడ్డు పూర్తిగా తొలగింది. అయినా తోసే బలం తిరిగి రాలేదు. అప్పటి నుంచి అన్నయ్య రోజుకు నాలుగుసార్లు తనే సన్నటి గొట్టం పెట్టుకుని ఖాళీ చేసుకునేవాడు. ఆరేళ్లు అలాగే. ఎంతో శ్రద్ధగా చేసుకునేవాడు, ఒక్క పూట కూడా తప్పించలేదు.

ఇంకో రెండు బొమ్మలున్నాయి, వదిలేద్దాం. టైమ్ అయిపోతోంది.

వెనక వరుసల్లో ఉన్న అమ్మలూ, మీతో ఒక మాట. ఇంటాయన సాయంత్రం నీళ్లు మానేశాడా, ఊరికి రమ్మంటే వంకలు చెబుతున్నాడా, బాత్‌రూమ్‌లో పది నిమిషాలు ట్యాపు తిప్పి ఉంచుతున్నాడా, పొద్దున్నే దుప్పటి తనే ఉతుకుతున్నాడా, చూడండి. చూసి ఆటపట్టించకండి, పిల్లల ముందు అడగకండి. పక్కన కూర్చుని మెల్లగా అడగండి. కొడుకులూ, తమ్ముళ్లూ, మీరు కూడా అడగండి. నేను అడగలేదు.

ఇప్పుడు మీకు ఒక కాగితం పంచుతున్నారు. అందులో ఏడు ప్రశ్నలున్నాయి. ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు. ప్రపంచమంతా డాక్టర్లు వాడే పట్టికే ఇది. మొత్తం ఏడు వరకు వస్తే తేలిక, ఎనిమిది నుంచి పందొమ్మిది మధ్యస్థం, ఇరవై, ఆపైన వస్తే తీవ్రం. పేరు రాయనక్కర్లేదు. ఎనిమిది, ఆపైన వచ్చినవాళ్లు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఈ వారమే డాక్టరుకు చూపించండి. తడి పక్క సంగతి ఇందులో లేదు, అది ఉంటే మార్కులు లెక్కపెట్టకుండానే వెళ్లండి. ఆడవాళ్లకు కూడా తలా ఒకటి ఇమ్మన్నాను. ఏడో ప్రశ్న, రాత్రి పడుకున్నాక ఎన్నిసార్లు లేస్తున్నారు అని. దానికి సరైన జవాబు మీకే తెలుసు. పెన్నులు లేనివాళ్లు చెయ్యెత్తండి, తెచ్చి ఇస్తారు.