పెనం బాగోకపోతే అట్టు రాదు: ఇంట్లో కారు ఫెండర్‌కి స్ప్రే పెయింట్

[తెర మీద: తెల్ల ఫెండర్. దూరం నుంచి నున్నగా ఉంది. ట్యూబ్‌లైట్ దగ్గరకు తెచ్చేసరికి అందులో పడిన వెలుగు గీత వంకర్లు తిరిగింది.]

ఈ వంకర చూశారా? రంగు బాగానే పడింది. షేడ్ కలిసింది, మెరుపూ వచ్చింది. లైటు పడేసరికి కిందున్న పుట్టీ భాగోతం మొత్తం బయటపడింది. "ఇంకో రెండు కోట్లు కొడితే కప్పేస్తుందిలే" అంటారు చూడండి, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. గోడకి సున్నం వేసినట్టు కాదండీ ఇది. కారు రంగు దేన్నీ కప్పదు. మెరిసేకొద్దీ లోపం ఇంకా బాగా కనిపిస్తుంది.

లెక్క చూడండి. కంపెనీ నుంచి వచ్చిన కారు మీద పొరలన్నీ కలిపితే సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో అసలు రంగు పొర 15, 20 మైక్రాన్లే. తలవెంట్రుక 70 దాకా ఉంటుంది. అంటే వెంట్రుకలో పావు వంతు మందం. 80 నంబరు ఎమరీ పేపర్ (నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) పెట్టిన గీత దానికంటే లోతు. ఇక అది ఎలా పూడుతుంది?

అట్టు పోసేటప్పుడు పెనం సంగతి తెలుసుగా. పిండి ఎంత బాగా రుబ్బినా, పెనానికి నిన్నటి మాడు అంటుకుని ఉంటే అట్టు అక్కడే చిరుగుతుంది. ఫెండరే మన పెనం, డబ్బాలో ఉన్నది పిండి. ఈ పోలిక ఇవాళ మిమ్మల్ని వదలదు, ముందే చెబుతున్నా.

మనం చేసేది ఒక్క ప్యానెలే. ముందు చక్రం పైనుండే ఫెండర్, ఇనుపది, తెల్ల రంగు, 400 మిల్లీ స్ప్రే డబ్బాలతో. ఫెండరే ఎందుకంటే దానికి నాలుగు వైపులా అంచు ఉంది. రంగు అంచు దగ్గర ఆగితే అతుకు కనపడదు, ప్యానెల్ మధ్యలో ఆపితే ఎంత పాలిష్ పట్టినా గీత పోదు. సిల్వర్ కారు వాళ్ళు మాత్రం మొదటి ప్రయోగం సొంత కారు మీద పెట్టుకోకండి. మెటాలిక్ రంగులో సన్నటి అల్యూమినియం రేకులుంటాయి. తడిగా పడితే ముదురుగా, పొడిగా పడితే లేతగా కనిపిస్తుంది. ఒకే డబ్బా, ఒకే చెయ్యి, అయినా రెండు షేడ్లు. బంపర్ కూడా ఇప్పుడు వద్దు, అది ప్లాస్టిక్. ముందు ప్లాస్టిక్ ప్రైమర్, అంటే రంగు పట్టుకోవడానికి కింద వేసే పూత, పడకపోతే రంగు పొరలు పొరలుగా లేస్తుంది.

రంగు కోడ్ బానెట్ కింద గానీ, డోర్ తీస్తే కనిపించే పిల్లర్ మీద గానీ స్టిక్కర్‌లో ఉంటుంది. ఉదాహరణకి మారుతి సుపీరియర్ వైట్ అయితే 26యు. కోడ్ ఒకటే అయినా ఎండకు వెలిసిన కారు మీద కొత్త రంగు తేడాగానే ఉండొచ్చు. ముందు ఒక అట్టముక్క మీద కొట్టి, ఆరాక పగటి వెలుతురులో కారు పక్కన పెట్టి చూడండి.

[తెర మీద: రెండు గుడ్డలు, ఒకటి తడిది, ఒకటి పొడిది.]

ఇప్పుడు పెనం తోముదాం. షాంపూతో కడిగి ఆరబెట్టాక, ఎమరీ పట్టడానికి ముందే గ్రీజు, వ్యాక్స్ తీసే ద్రావకంతో తుడవాలి. ముందే ఎందుకు? టైర్ పాలిష్‌లో, డాష్‌బోర్డ్ పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది. దాన్ని తుడవకుండా రుద్దితే ఎమరీ గీతల్లోకి కూరినట్టే. ఒక చేత్తో తడిగుడ్డ, వెనకాలే రెండో చేత్తో పొడిగుడ్డ, ద్రావకం ఆరిపోకముందే తుడిచెయ్యాలి. ఆరనిస్తే జిడ్డు మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. కిరోసిన్‌తో అస్సలు తుడవకండి, అదే జిడ్డు మిగిలిస్తుంది. తలకి కొబ్బరినూనె రాసుకున్న చేత్తో ప్యానెల్ తడమకండి, గ్లవ్స్ వేసుకోండి. పెనం మీద నూనె ఎక్కువైతే పిండి పట్టుకోక పక్కకి జరుగుతుంది కదా, రంగు కూడా అంతే. జిడ్డు చుక్క చుట్టూ గుండ్రంగా తప్పుకుని గుంట మిగులుస్తుంది. పెయింటర్లు ఫిష్ ఐ అంటారు. అట్టుకి చిల్లులు పడితే మెచ్చుకుంటాం, కారుకి పడితే మొత్తం గీకి మళ్ళీ మొదలు.

తుప్పు ఉంటే 80 నంబరుతో మెరిసే ఇనుము కనిపించేదాకా తీయాలి. నల్లటి చుక్క ఒక్కటి గుంటలో మిగిలినా అది రంగు కింద పెరుగుతూనే ఉంటుంది. తర్వాత 180, ఆపైన 320తో దెబ్బ చుట్టూ ఉన్న పాత రంగు అంచుని పల్చబరచాలి. ఇది సరిగ్గా వచ్చిందో లేదో కంటికే తెలుస్తుంది. మధ్యలో ఇనుము, దాని చుట్టూ ప్రైమర్ వలయం, ఆ బయట రంగు, చివర క్లియర్ అనే రంగులేని మెరుపు పొర, చెట్టు మొద్దు కోస్తే కనిపించే వలయాల్లాగా. ఒక్కో వలయం వేలెడు వెడల్పు రావాలి. గీత గీసినట్టు సన్నగా ఉంటే అక్కడ మెట్టు ఉన్నట్టే. కళ్ళు మూసుకుని, పల్చటి గుడ్డ మీదుగా అరచేత్తో తడమండి. కన్ను మోసపోతుంది గానీ అరచెయ్యి మోసపోదు.

పుట్టీ, అంటే సొట్టలు నింపే ముద్ద. 100 గ్రాములకి హార్డెనర్, అంటే దాన్ని గట్టిపరిచే మందు, 2 గ్రాములు. మన లెక్కలో నిమ్మకాయంత పుట్టీకి శనగగింజంత. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ కలుపుతారు, అది తప్పు. ఎక్కువైన హార్డెనర్ నెలల తర్వాత రంగులోంచి మరకలా పైకొస్తుంది. కలిపాక నాలుగైదు నిమిషాలే టైమ్, అందుకని కొంచెం కొంచెం కలుపుకోండి. మందం 3 మిల్లీమీటర్లు దాటుతుందంటే మీకు పుట్టీ కాదు, టింకరింగ్ కావాలి, అంటే రేకు కొట్టి సరిచేయించాలి. ఇంకో మాట, ఈ పుట్టీని పొడిగానే రుద్దండి. నీళ్ళు పోసి రుద్దితే స్పాంజిలా పీల్చుకుంటుంది, ఆ తేమ తర్వాత బొబ్బలై లేస్తుంది.

ఇనుము బయటపడిన చోట ఎచ్ ప్రైమర్, అంటే ఇనుముని కాస్త కొరికి పట్టుకునే ప్రైమర్, అదీ అదే రోజు వేయాలి. మన తేమకి ఒక్క రాత్రి వదిలేసినా ఎర్రటి మసక పట్టేస్తుంది. దాని మీద మామూలు ప్రైమర్ రెండు మూడు కోట్లు.

[తెర మీద: బూడిదరంగు ప్రైమర్ మీద నల్ల రంగు పల్చగా, మిరియాల పొడి చల్లినట్టు.]

నాకు ఈ పని మొత్తంలో ఇష్టమైన ఘట్టం ఇదే. గైడ్ కోట్. ఆరిన ప్రైమర్ మీద నల్ల డబ్బాతో దూరం నుంచి అలా అలా చల్లాలి. తర్వాత చిన్న రబ్బర్ బ్లాక్‌కి 600 నంబరు వాటర్ పేపర్ చుట్టి నీళ్ళతో రుద్దాలి. ఎత్తుగా ఉన్నచోట నలుపు ముందు పోతుంది. పల్లం ఉన్నచోట నల్ల చుక్కలు అలాగే నిలబడతాయి. అది మీ పెనం మీద సొట్ట. చాలామంది ఏం చేస్తారంటే, ఆ నల్లచుక్కని వేలితో పట్టి పట్టి రుద్ది పోగొడతారు. నలుపు పోయింది, పల్లం మాత్రం ఇంకా లోతైంది! అలా కాదు. బ్లాక్‌తోనే రుద్దండి. అప్పటికీ పోకపోతే అక్కడ ఇంకో కోటు ప్రైమర్ వేసి మళ్ళీ మొదటికి రండి. నలుపంతా ఒకేసారి పోయిన రోజున ప్యానెల్‌ని నీళ్ళతో తడిపి ట్యూబ్‌లైట్ చూడండి. గీత తిన్నగా ఉందా? అయితే డబ్బా ముట్టుకోవచ్చు. ఇక్కడిదాకా రావడానికి రోజున్నర పడితే ఆశ్చర్యపోకండి. కోటుకీ కోటుకీ మధ్య ఆగడం తీసేస్తే రంగు కొట్టేది 20 నిమిషాలు.

చోటు. అపార్ట్‌మెంట్ సెల్లార్ వద్దు. గాలి కదలదు, పొగమంచులా లేచిన రంగు పక్కింటి కారు మీద గరుకుగా కూర్చుంటుంది, ఆపైన థిన్నర్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. గాలి ఆడే షెడ్డు, అదీ నీడలో. నేల మీద నీళ్ళు చల్లండి, దుమ్ము లేవదు. వాకిట్లో కళ్లాపి చల్లేవాళ్ళకి ఇది నేనేం చెప్పక్కర్లేదు. మాస్కు అంటే గుడ్డది కాదు, ఎన్95 కూడా కాదు. అది ధూళిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ద్రావకం ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్నది, ముందు ధూళి ఫిల్టర్‌తో సహా. హార్డెనర్ కలిపే 2కె క్లియర్ ఉంటుంది కదా, అందులో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకి ఒకసారి అది పడకుండా పోయిందంటే ఆస్తమా జీవితాంతం ఉండిపోవచ్చు. వర్క్‌షాపుల్లో దానికి బయటి నుంచి గాలి అందించే మాస్కు వాడాలి. అందుకే నా మాట, మొదటిసారి ఇంట్లో 2కె జోలికి పోవద్దు. హార్డెనర్ కలపక్కర్లేని 1కె క్లియర్ చాలు. దాని పెద్ద లోటు, పెట్రోలు పడితే కరుగుతుంది. ఫెండర్‌కి ఆ గొడవ లేదు.

ఇక పిండి. అంటే పెనం వేడి కూడా. గాలి 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే మేలు. మే నెలలో విజయవాడ మధ్యాహ్నం కొడితే రంగు ప్యానెల్ చేరేలోపే గాల్లో ఆరి, ఇసుకలా పడుతుంది. వానాకాలం విశాఖలో అయితే దీనికి ఎదురు. ద్రావకం ఆవిరవుతూ ప్యానెల్‌ని చల్లబరుస్తుంది, గాల్లో తేమ దాని మీద చేరి రంగు పాలు కలిపినట్టు మసకబారుతుంది. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరకముందు కొట్టుకోండి.

డబ్బాలో గోళీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపండి. చాలామంది చప్పుడు వినగానే ఆపేస్తారు, అప్పటికి చిక్కటి రంగు ఇంకా అడుగునే ఉంటుంది. పిండి గిన్నెలో అడుగు కలపకుండా పై నీళ్ళతో అట్టు పోస్తే ఎలా ఉంటుంది? చలికాలం డబ్బాని గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచొచ్చు. మరిగే నీళ్ళు వద్దు, పేలుతుంది.

[తెర మీద: చెయ్యి కదలిక, పక్క నుంచి.]

ప్యానెల్‌కి 20, 25 సెంటీమీటర్లు. జానెడు, దాని మీద రెండు వేళ్ళు. మణికట్టు తిప్పకండి. తిప్పితే మధ్యలో దగ్గరవుతుంది, చివర్లలో దూరమవుతుంది. మధ్యలో కారుతుంది, చివర్లు పొడిబారతాయి. భుజం నుంచి చెయ్యి మొత్తం ప్యానెల్‌కి సమాంతరంగా జరగాలి. బటన్ నొక్కడం ఫెండర్ అంచు రాకముందే, వదలడం అంచు దాటాక. ప్యానెల్ మీదే నొక్కితే మొదటి తుంపర అక్కడే ముద్దగా పడుతుంది. గరిటె పెనం మధ్యలో ఆగితే అక్కడ దిబ్బరొట్టె అవుతుంది, తెలుసుగా. వేగం సెకనుకి అడుగు. ప్రతి వరసా ముందు వరసలో సగం మీదుగా వెళ్ళాలి.

మొదటి కోటు చూసి కంగారుపడకండి. కింద ప్రైమర్ కనిపించాలి, కావాలనే అలా. అది తర్వాతి కోటు పట్టుకోవడానికి. దాన్ని చూసి "పడలేదు" అని అక్కడే ఇంకోసారి కొట్టేవాళ్ళకే రంగు కారేది. పది నిమిషాలు ఆగండి. మెరుపు పోయి మసకగా మారాక, పక్క ప్యానెల్‌కి రంగు అంటకుండా అతికించిన మాస్కింగ్ టేప్ మీద పడిన రంగుని వేలితో తాకి చూడండి, ప్యానెల్‌ని కాదు. కొంచెం అంటుకోవాలి గానీ తీగ సాగకూడదు. అప్పుడు రెండోది, ఆపైన మూడోది. తెలుపుతో కింది ప్రైమర్ కనపడకుండా చేయడం కష్టం, నాలుగు కూడా పట్టొచ్చు. డబ్బా అడుగుకి వచ్చాక పుచపుచా ఉమ్ముతుంది, ఆ చివరి రంగు వాడకండి, ఇంకో డబ్బా దగ్గర పెట్టుకోండి.

తొందరగా ఆరాలని ఎండలో పెట్టారనుకోండి, పెద్ద మంట మీద అట్టే. పైన గట్టిపడుతుంది, లోపల పచ్చి. ఆ లోపలి ద్రావకం పైపొరని పొడుచుకుని సూదిబెజ్జాలుగా బయటికొస్తుంది.

అమ్మో, టైమైపోతోంది, మిగతాది గబగబా. రంగు ఆరిన అరగంటకి క్లియర్, మూడు కోట్లు, మొదటిది పల్చగా, ఈసారి వరసలు ఇంకాస్త దగ్గరగా. కారిందా? గుడ్డ పెట్టకండి, వేలు పెట్టకండి, పూర్తిగా ఆరాక ఆ ధారని బ్లాక్‌తో 1500 పేపర్ పట్టి దించొచ్చు. బత్తాయి తొక్కలా వచ్చిందంటే దూరం ఎక్కువైంది, లేదా మరీ పల్చగా కొట్టారు. అదీ 1500, 2000, 3000 పేపర్లతో పోతుంది, తర్వాత మెరుపు తెచ్చే రబ్బింగ్ కాంపౌండ్. అంచుల దగ్గర మాత్రం మెల్లగా, అక్కడ క్లియర్ పల్చన, రెండు రుద్దులకే రంగు తేలుతుంది. చర్మం ముడతలు పడినట్టు లేచిందా? కింది పొర పూర్తిగా ఆరకుండా పైన గాఢమైన ద్రావకం పడింది. దానికి మందు లేదు, గీకడమే. టేప్ చివరి కోటు అయిన 20, 30 నిమిషాలకి, దాని మీదకే వెనక్కి మడుస్తూ లాగండి. మర్నాటిదాకా ఉంచితే అంచు పెచ్చుగా లేస్తుంది.

కంప్రెసర్, గన్ గురించి అడుగుతారని తెలుసు. ఇంట్లో ఉండే చిన్న కంప్రెసర్ మామూలు స్ప్రే గన్‌కి కావలసినంత గాలి ఆపకుండా ఇవ్వలేదు. ప్యానెల్ సగంలో ప్రెషర్ పడిపోతుంది. దాని నాజిల్ బెజ్జం 1.3 మిల్లీమీటర్లా 1.4 మిల్లీమీటర్లా, గాలిలో నీళ్ళు ఎలా ఆపాలి అన్నది ఇంకో వీడియో. రంగే మార్చాలనుకునేవాళ్ళు ముందు ఆర్టీవో దగ్గర ఆర్సీలో మార్పించుకోవాలి, ఇక్కడ మనం చేసింది అదే రంగు.

కాంపౌండ్ పట్టడం వారం ఆగాక. వ్యాక్స్ నెల ఆగాక, లోపల మిగిలిన ద్రావకం పోవాలి. ఈలోగా పిట్ట రెట్ట పడితే వెంటనే నీళ్ళు పోసి కడిగెయ్యండి, గోరుతో గీకకండి. మిగిలిన డబ్బాని తలకిందులు చేసి, రంగు ఆగి ఉత్త గాలి వచ్చేదాకా నొక్కి పెట్టుకోండి, లేదంటే నాజిల్ పూడుకుపోతుంది.