విటమిన్ సీసాలో ఫిట్స్ మాత్రలు
(నవంబరు 17, జాతీయ మూర్ఛవ్యాధి దినం నాడు చిత్తూరులోని ఒక పాఠశాలలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న డాక్టరమ్మగారికి, హెడ్మాస్టరుగారికి, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. అందరి పేర్లూ చెప్పడం మర్యాదే గానీ, నాకిచ్చింది పది నిమిషాలు.

నేను డాక్టరును కాను, మందుల అంగడి వాణ్ణి. ఫిట్స్ ఎందుకొస్తాయో డాక్టరమ్మ చెబుతారు. ఎవరు మాత్రలు మానేశారో మాత్రం ముందు నాకే తెలుస్తుంది. వేలూరు ఆస్పత్రి మందుల చీటీ అయినా, తిరుపతి స్విమ్స్ ఆస్పత్రి చీటీ అయినా నెలనెలా తెచ్చే మనిషి ఉన్నట్టుండి రాకపోతే నాకు టెన్షన్. ఎప్పుడో బజార్లో కనిపిస్తే అడుగుతాను. "ఏడాదిగా ఫిట్స్ రాలేదన్నా, ఇంకెందుకు మాత్ర?" అంటాడు. రాకపోవడానికి కారణం ఆ మాత్రే కదయ్యా! ఈ మందుల్లో చాలావాటి బలం కొన్ని గంటల్లోనే రక్తంలో సగానికి పడిపోతుంది. అందుకే ఉదయం, రాత్రి అని రాస్తారు. మానాల్సి వస్తే డాక్టరే నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

శనివారం ఒక్కపొద్దని మాత్ర మానేవాళ్లున్నారు. గుక్కెడు నీళ్లతో మాత్ర మింగితే వెంకటేశ్వరస్వామికి కోపమొస్తుందని ఏ పూజారీ చెప్పగా నేను వినలేదు.

మరుపు గురించి మాట్లాడమని నాకు చెప్పారు. మరుపుకు మందుంది. సెల్లులో అలారం పెట్టుకోండి, చాలు. నా బాధ దాపరికం గురించి.

బంగారుపాళ్యం వైపు ఒక మామిడి రైతు. కూతురికి పెళ్లి కుదిరింది. ఖాళీ విటమిన్ సీసా పట్టుకుని అంగడికొచ్చాడు. "రేకులు చింపి బిళ్లలు ఇందులో పోసియ్యి నాయినా" అన్నాడు. ఆ పిల్ల వేసుకునేది వాల్‌ప్రొయేట్ అనే ఫిట్స్ మందు. అది గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడిపోతుంది, రేకులోనే ఉండాలి, పొయ్యనని చెప్పాను. మాట్లాడకుండా రేకులు తీసుకెళ్లి ఇంట్లో ఆయనే పోసేశాడు. కాణిపాకం పక్కనే ఉంటాం. అక్కడ ప్రమాణానికి రమ్మంటే దొంగలు కూడా జంకుతారు. పెళ్లి సంబంధం దగ్గర మాత్రం అబద్ధం మనకు తప్పనిపించదు.

పెళ్లయిన కొత్తలో అత్తగారింటి వాళ్లు తిరుమలకు బయల్దేరారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, అదీ రాత్రిపూట. "విటమిన్ బిళ్లలే గదమ్మా, రెండ్రోజులు మింగకపోతే ఏం గాదు, దార్లో పారేసుకుంటావు, ఇంట్లో పెట్టు" అంది అత్త. ఆమెకు చెడ్డ ఉద్దేశం లేదు. ఆ పిల్ల ఏమని బదులు చెప్పాలి? మీలో ఆడపిల్లల తండ్రులున్నారు, మీరు చెప్పండి.

సీసా ఇంట్లోనే ఉండిపోయింది. నిద్ర లేదు, సరిగ్గా తిండి లేదు, మాత్ర లేదు. క్యూ కాంప్లెక్సులో పడిపోయింది. ఎవరో తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టారట. ఇనుముతో ఫిట్స్ ఆగవండీ! పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యాలి. ఆమెకు దాటింది. ఆస్పత్రిలో రెండు రోజులుంది, బతికింది.

తర్వాత ఆ అత్తగారు నా అంగడికే వచ్చారు. జనం ఉన్నారు, అయినా గట్టిగానే అడిగారు. "ఏం నాయినా, నీ అంగట్లో కొన్నవే గదా. ఒక్క మాట చెప్పుంటే నీ సొమ్మేం బోయె?"

నా అంగడికొచ్చే మనిషి జబ్బు నేను ఇంకొకరికి చెప్పను తల్లీ, చెప్పాల్సింది మీ వియ్యంకుడు అన్నాను. ఇప్పటికీ నా మాట అదే. ఆమె కాసేపు నిలబడి, చీటీ నా చేతికిచ్చి, "నెలకు సరిపడా ఇయ్యి" అన్నారు. అప్పట్నుంచి ఆమే వచ్చి కొంటున్నారు. రేకుల్లోనే.

అందరు అత్తలూ ఇలాగే ఉంటారని నేను అనను. ఆ తండ్రి భయం ఉత్తది కాదు. ఒకప్పుడు మన హిందూ వివాహ చట్టమే మూర్ఛ ఉన్నవాళ్లు పెళ్లికి తగరని రాసింది. ఆ మాటను 1999లో తీసేశారు. చట్టంలోంచి పోయింది, పెళ్లిచూపుల్లోంచి పోలేదు. ప్రపంచంలో దాదాపు అయిదు కోట్ల మందికి ఈ జబ్బుంది. సరైన వైద్యం అందితే నూటికి డెబ్బై మంది ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 1938లో వచ్చిన ఫెనిటాయిన్, 1912 నాటి ఫినోబార్బిటోన్ ఇప్పటికీ నా అరల్లో ఉన్నాయి. మందుకు కరువు లేదు. పదిమంది ముందు మింగే ధైర్యానికే కరువు. టీచర్లూ, మీ క్లాసులో ఒక పిల్లవాడు మాత్ర వేసుకోవాలంటే బాత్రూం వెనక్కి పోవాల్సి వస్తోందా, కాస్త చూడండి.

హెడ్మాస్టరుగారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట చెప్పి దిగిపోతాను. వాల్‌ప్రొయేట్ వాడే ఆడపిల్లలు గర్భం రాకముందే డాక్టరును కలవాలి, కడుపులో బిడ్డకు ఆ మందుతో ప్రమాదముంది. అలాగని భయపడి సొంతంగా ఆపేయకండి. మందు మార్చాలా, ఫోలిక్ యాసిడ్ ఎంత వాడాలి, ఇవన్నీ డాక్టరమ్మను అడగండి. మైకులో అడగడం ఇబ్బందైతే ఆమె మీటింగ్ అయ్యాక స్టాఫ్ రూములో కూర్చుంటానన్నారు. అత్తాకోడళ్లు కలిసే వెళ్లండి.